సింహాచలమ్మ ఫిర్యాదులు

సింహాచలమ్మ నోటికి జంగ్లీఘాట్‌లో జడవని మనిషి లేడు. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవికి వలలు వేసుకుని బతకడానికి వచ్చినవాడు. ఆమె మాత్రం ఇక్కడే పుట్టింది, ఇక్కడే చేపలమ్ముతూ ముసలిదైంది. మొగుడు పోయాక ఇంట్లో తిట్టడానికి మనిషి లేకుండా పోయాడు. దాంతో ఆ పని ప్రభుత్వం మీదికి మళ్లించింది.

సరిగ్గా అప్పుడే నీళ్ల ఆఫీసువాళ్లు ఫిర్యాదుల కోసం ఒక ఫోన్ నంబరు పెట్టారు. నంబరుకి ఫోన్ చేసి చెబితే మాట రికార్డవుతుంది. ఎక్కువ ఫిర్యాదులొచ్చిన వీధి కంప్యూటర్ మ్యాపులో ఎర్రబడుతుంది, రాని వీధి పచ్చగా ఉంటుంది. ఎర్రబడిన చోటికి మనుషుల్ని పంపుతారు. ఆ నంబరు తనకోసమే పెట్టారని సింహాచలమ్మ నమ్మింది.

ఆమె ఉండేది గుట్ట మీది సందులో. అక్కడ కొళాయి తిప్పితే గాలి వచ్చేది. ఇరుగుపొరుగుకి యంత్రంతో హిందీలో మాట్లాడాలంటే సిగ్గు. "మా ఇంటిది కూడా చెప్పెయ్ పిన్నీ" అని ఆమెకే అప్పజెప్పారు. ఆమె ఒక్కొక్క ఇంటి తరఫునా ఒక్కొక్క ఫోన్ చేసింది. తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా జాగ్రత్తపడింది. నెలలు గడిచినా ఎవరూ రాలేదు.

దోషి ఎవరో ఆమె ముందే తేల్చేసింది. వాల్వు తిప్పే గోవిందు. అతని అత్తవారిల్లు కింది వీధిలో ఉంది, అక్కడ నీళ్లు ధారాళంగా వస్తాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? "పెళ్లాం పుట్టింటికి పానీ, మాకు హవా" అని చేపల తట్ట ముందు కూర్చుని కొనేవాళ్లందరికీ చెప్పేది. ఆమె కనబడితే గోవిందు స్కూటరు వెనక్కి తిప్పేసేవాడు.

ఆఫీసులో ఫిర్యాదుల డేటా చూసే అమ్మాయి పేరు ప్రమోద. ఫెరార్గంజ్‌లో రైతుల ఇంటి పిల్ల. ఒకే నంబరు నుంచి రోజూ పదేపదే కాల్స్ వస్తే అవి ఆకతాయి కాల్స్ కింద పక్కకి పోవాలని కంప్యూటర్‌కి చెప్పింది ఆమే. ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, పక్కకి పోయినవాటిని సరదాకి వింది. మొదట పొలమారేలా నవ్వింది, ఇంకో ఇద్దర్ని పిలిచి వినిపించింది. వింటూ వింటూ ఉండగా ఆ తిట్ల మధ్యలో "నీలం గేటు సీతాలు ఇల్లు", "మెట్ల పక్క లోకనాథం ఇల్లు" అన్న మాటలు పట్టుబడ్డాయి. గొంతు ఒక్కటే కాని ఇళ్లు వేరువేరు. మ్యాపులో చూస్తే ఆ సందు పచ్చగా నవనవలాడుతోంది. ఆమెకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ప్రమోద గుట్ట ఎక్కింది.

"సింహాచలమ్మగారంటే మీరేనా?"

"నానే. చేపలయిపోనాయి బేటీ, రేపు రా."

"చేపలకి కాదండీ. నీళ్ల ఆఫీసు నుంచి వచ్చాను."

సింహాచలమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. చెమటతో తడిసిపోయి ఉంది. ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆ తర్వాత తిట్టడం మొదలెట్టింది. ప్రమోద అంతా విని, "ఇవన్నీ నిన్ననే విన్నానమ్మా, రికార్డులో" అంది.

"ఇనీసి ఊరుకున్నారేటి?"

"అన్ని కాల్సూ మీ నంబరు నుంచే వచ్చాయి కదా. కంప్యూటర్ ఆకతాయి పని అనుకుంది. అలా అనుకోమని దానికి చెప్పింది నేనే."

"మా సందులో ఎన్ని ఇళ్లున్నాయో నీ కంప్యూటర్‌కి తెల్దా?"

"ఫోన్లు తెలుసు. ఇళ్లు తెలీవు."

ఆఫీసు మనిషి తప్పు ఒప్పుకోవడం సింహాచలమ్మ ఎన్నడూ చూడలేదు. అలాంటి మనిషిని ఏమని తిట్టాలో తోచలేదు. చివరికి, "చాయ్ తాగుతావా?" అంది.

ప్రమోద ఫిర్యాదుల్ని ఫోన్ల వారీగా కాక ఇళ్ల వారీగా లెక్కకి తెచ్చింది. సందు మిరపపండులా ఎర్రబడింది. ఆ రంగు పెద్దాఫీసరుకి నచ్చలేదు.

"దాన్ని కాస్త మార్చొచ్చా?"

"నీళ్లిస్తే అదే మారుతుంది సార్."

తర్వాత ఆమె వాల్వులు తిప్పిన వేళలు తీసి ఫిర్యాదుల పక్కన పెట్టి చూసింది. గోవిందు ఒక్కనాడూ ఆలస్యం చేయలేదు. అదే వేళకి అబర్డీన్ బజార్ లైను కూడా వదులుతున్నారు. అది తెరిచిన రోజున నీళ్లకి గుట్ట ఎక్కే ఊపు ఉండటం లేదు. ఆ వేళలు పెట్టింది ఆఫీసే. బజార్ లైను వేళ మార్చారు. మరుసటిసారి నీళ్లు వదిలినప్పుడు గుట్ట మీద కొళాయి దగ్గి, తుప్పు కక్కి, చివరికి నీళ్లిచ్చింది. సింహాచలమ్మ బిందె పెట్టడం మరిచి చేతులు కడుక్కుంటూ నిలబడిపోయింది.

గోవిందు సంగతి ప్రమోదే ఆమెకి చెప్పింది. రెండు రోజులు ఆమె చేపలమ్ముతూనే అతని స్కూటరు కోసం దారి చూసింది. మూడో రోజు అతను స్కూటరు తిప్పబోతుంటే అడ్డం నిలబడింది.

"ఆగు. నీ తప్పు లేదంట."

"నేను చెబితే నమ్మలేదు కదా దీదీ."

"నువ్వు సెప్పినప్పుడు నీ మొగం దొంగమొగంలాగుంది. నానేటి సేసేది?"

గోవిందుకి కోపం రావాలి, నవ్వొచ్చింది. ఆమె ఒక వంజరం చేపని కవర్లో చుట్టి హ్యాండిల్‌కి తగిలించింది. "మీ అత్తకెట్టకు" అంది. క్షమించమన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు. అతనూ అడగలేదు.

ఎండాకాలంలో ఇప్పటికీ నీళ్లు తక్కువే. అయితే ఏ రోజు రావో ముందుగా ఫోన్‌లో తెలుగులోనే చెబుతున్నారు. ఆ గొంతు రికార్డని సింహాచలమ్మకి తెలుసు. తెలిసే దానికి జవాబు చెబుతుంది.