నారాయణసామి పళ్ళు

మదురై మిల్లు ఫిట్టరు నారాయణసామికి చల్లనిదేదీ గిట్టదు. కుండనీళ్ళు కనిపిస్తే చాలు, దవడకు చెయ్యి పెట్టి "అయ్యయ్యో, పండ్లు జివ్వుమన్నాయప్పా!" అని అరిచేవాడు. తాగకముందే అరిచేవాడు.

భార్య నాచ్చియార్‌కు తల కొట్టేసినట్టుండేది. ఎండ కరిగి వీధంతా కాచిన పాలవాసన పరుచుకునే సాయంత్రాల్లో ఆమెను జిగర్‌తండా అంగడికి తీసుకుపోయేవాడు. అందరూ ఐసు కోసం తాగే ఆ పాల పానీయాన్ని వెచ్చబెట్టి ఇమ్మనేవాడు.

"వెచ్చబెడితే అది పాయసం, అన్నా!" అనేవాడు అంగడి సుందరమూర్తి.

"పాయసమే ఇయ్యి తంబీ. రెండు గ్లాసులూ వెచ్చగానే. ఆమె చల్లగా తాగితే, చూసే నాకు జివ్వుమంటాది!"

పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీము తెచ్చేవాణ్ణి రెండాకుల అవతలే ఆపేవాడు. "ఈ పక్కకు రావద్దు సామీ, గాలి తగుల్తాది!"

నాచ్చియార్ పైకి విసుక్కునేది. లోపల మాత్రం బతికిపోయాననుకునేది. పళ్ళు జివ్వుమనే బాధ ఆమెకూ ఉంది. చల్లనీళ్ళు తగిలితే చిగుళ్ళ దగ్గర పుట్టిన సన్నని మెరుపు కణత దాకా పాకేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి లాక్కుపోతారు, తన తల్లికి చేసినట్టే అన్నీ పీకేస్తారు. అదీ ఆమె భయం.

పోయిన వేసవిలో ఒకనాడు గోరువెచ్చని నీళ్ళకే ఆమె కళ్ళు చెమర్చాయి. ఆ మధ్యాహ్నమే నారాయణసామి దవడ పట్టుకుని కూలబడ్డాడు.

"నావల్ల కాదు నాచ్చీ. ఆస్పత్రికి తోడు రా. ఒక్కణ్ణే పోవాలంటే భయం."

పళ్ళ డాక్టరు కళైవాణి ఆయన పళ్ళమీద చల్లగాలి ఊది చూసింది.

"జివ్వుమందా అయ్యా?"

ఆయన అరవడం మరిచిపోయాడు. "ఏ పన్నుకు అరవాలమ్మా?"

"దేనికీ వద్దు. ఈ పండ్లతో కంకర నమలొచ్చు."

అయినా ఆయన కుర్చీ దిగలేదు. "జివ్వుమనేవాళ్ళకైతే... పీకేస్తారా?"

"పీకడమెందుకు? గట్టి బ్రష్షుతో రుద్దిరుద్ది చిగుళ్ళ దగ్గర అరిగుంటాయి. మెత్తని బ్రష్షు, దానికని వేరే పేస్టు, కొన్ని వారాలు వాడితే తగ్గిపోతుంది. పుచ్చుంటే పూడుస్తాం."

నాచ్చియార్ భర్త వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. పన్నెండేళ్ళ అరుపులన్నీ ఒక్కొక్కటిగా ఆమెకు వినిపించాయి.

"లెయ్యయ్యా," అంది. "నన్ను కూర్చోనియ్యి."

రెండు నెలలు తిరిగేసరికి ఆ మెరుపు ఆగిపోయింది. ఆ వారమే నారాయణసామి మేడమెట్ల కింద దబ్బున కూర్చుని మోకాలు పట్టుకున్నాడు.

"అయ్యయ్యో, ఎక్కలేనప్పా! ఇకమీద కింది గదిలోనే పండుకుందాం!"

నాచ్చియార్ గతుక్కుమంది. తన మోకాలు నొస్తోందని ఆమె ఇంకా ఎవరికీ చెప్పనేలేదు.