మోటారు ప్రెసిడెంటు

మా ఆయన్ని జిల్లా అంతా మోటారు ప్రెసిడెంటు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అన్నా ఆయనకు కోపం రాదు, పైగా నవ్వుతాడు. జిల్లా బోర్డుకు నాలుగుసార్లు నిలబడి రెండుసార్లు గెలిచాడు, అందులో ఒకసారి ప్రెసిడెంటయ్యాడు. పేపరువాళ్ళు రాస్తే ఆయన రాజకీయ జీవితం ఈ ఒక్క ముక్కలో అయిపోతుంది. నేను పెళ్ళాన్ని కాబట్టి నాకు ఇంకాస్త తెలుసు.

కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చెయ్యడం ఆయన వృత్తి. ముందు గది వర్క్‌షాపు, వెనక రెండు గదుల్లో మా కాపురం. ఇల్లంతా ఎప్పుడూ వార్నిష్ వాసనే. షాపులో గోడ పొడవునా ఒక బల్ల ఉంది. వచ్చిన మోటారు ఎడమ చివర పెట్టాలి. ముందువి అయ్యేకొద్దీ జరుగుతూ జరుగుతూ కుడి చివరికొస్తే ఆయన చెయ్యి పడుతుంది. పిండిమర యజమాని గడ్డం పట్టుకుని బతిమాలినా ఎడమది కుడికి దూకేది కాదు. ఒకసారి నా కుట్టుమిషను మోటారు కాలింది. కుట్టివ్వాల్సిన పెళ్ళి బట్టలు నెత్తిమీదున్నాయి. దాన్నీ తీసుకెళ్ళి ఎడమ చివరే పెట్టాడు.

"ఇది మనదండీ," అన్నాను.

"మనదైతే వేరే రకంగా కాలిందా?" అన్నాడు.

వారమంతా మూతి ముడుచుకుని తిరిగాను. ఆయన గమనించను కూడా లేదు. కానీ ఆ పిడివాదం చూసే కదా ఊళ్ళోవాళ్ళు ఆయన్ని నమ్మింది. ముందొచ్చినవాళ్ళకు ముందు, అంతే. అందులో చుట్టమూ లేదు, పక్కమూ లేదు.

మా వదిన సంగతి చెప్పాలి. ఆవిడ మా ఆయన అక్క. అమ్మానాన్నలు పోయేటప్పటికి ఈయన పలక పట్టే వయసు. వదిన లాండ్రీలో ఇస్త్రీకి కుదిరి తమ్ముణ్ణి పెంచింది. తన పెళ్ళి మాటెత్తితే "ముందు వీణ్ణొక దారిన పడనివ్వండి" అని దాటేసి, దాటేసి, చివరికి ఆ మాటెత్తేవాళ్ళే లేకుండా చేసుకుంది. నేను కాపురానికొచ్చిన రోజు నుంచీ మాతోనే ఉంది. మనిషి సన్నం, మాట పొదుపు, పట్టు మాత్రం ఉడుంపట్టు.

మాది ఎగువ వీధి. ఊరు కింద ఉంటుంది, మేం గట్టు మీద. కుళాయి వీధి మొదట్లో కిందే ఉంది, అక్కణ్ణుంచి నీళ్ళు మనుషుల చేతుల్లో ఎక్కాల్సిందే. మోటారు మెకానిక్కు కదా, ఒక మోటారు పెట్టి లాగొచ్చుగా అని అడగనివాళ్ళు పాపం చేసుకున్నారు. కింద వచ్చేదే సన్నటి ధార. దానికి మేం మోటారు పెడితే కిందివాళ్ళ గొంతు తడవదు. అందుకని మా వదిన రెండు బకెట్లు పట్టుకుని దిగేది, ఎక్కేది. నేను వెళ్తానంటే "నీ మిషను చూసుకో" అనేది. తమ్ముణ్ణయితే అసలు ముట్టుకోనిచ్చేది కాదు. సన్న తీగ చుట్టే చేతులు, బరువు మోస్తే వణుకుతాయని ఆవిడ భయం.

మా వీధివాళ్ళు మా ఆయన్ని ఎన్నికలకు తోసింది ఈ నీళ్ళ కోసమే. మొదటిసారి బస్సుల యజమాని మీద నిలబడి చిత్తుగా ఓడాడు. రెండోసారి గెలిచి మెంబరయ్యాడు. ఆ తర్వాత ప్రెసిడెంటును ఎన్నుకోవడం మెంబర్ల పని, చేతులెత్తాలి. పోటీలో మా ఆయనా, ఒక రిటైరైన హెడ్మాస్టరూ. హెడ్మాస్టరుకెవరు అని అడిగితే ఈ మహానుభావుడు కూడా చెయ్యెత్తాడు. ఆ ఒక్క చేత్తోనే ఓడిపోయాడు.

"నాకు నేనే చెయ్యెత్తుకుంటే సిగ్గుగా ఉండదూ?" అన్నాడు ఇంటికొచ్చి.

హెడ్మాస్టరు తన చెయ్యి తను నిక్షేపంగా ఎత్తుకున్నాడని తర్వాత తెలిసింది. వదిన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి తమ్ముడి మొహంలోకి తేరిపార చూసింది. "ఒరేయ్, నీ బుర్రకెవరైనా తీగ చుట్టేవాళ్ళుంటే చూసుకో," అంది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఓడిపోయిన ఇల్లులాగే లేదు.

మూడోసారి బ్రహ్మాండంగా గెలిచాడు. ఈసారి ప్రెసిడెంటు పదవికి ఎవరూ పోటీకి రాలేదు, మెంబర్లంతా ఆయన్నే చేసేశారు. వాకిట్లోకి బోర్డు కారొచ్చింది. ఆ రోజు వదిన తమ్ముడి చొక్కా ఇస్త్రీ చేసిన తీరు చూడాలి, మడత మీద ఈగ వాలితే జారిపడేది. కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికొచ్చి బకెట్లు తీసుకుంది. "ఇంకెన్నాళ్ళులే," అంది నాతో.

ఆఫీసులో ఆయన చేసిన మొదటి పని టేబులును మా షాపు బల్లలా మార్చడం. అర్జీలు ఎడమ చివర నుంచి కుడికి జరగాల్సిందే. ఎవరి సిఫార్సూ చెల్లదు. గుమాస్తాలు ముక్కున వేలేసుకున్నారు. మోటారు ప్రెసిడెంటన్న పేరు అప్పుడే వచ్చింది.

ఆ ఏడాది బోర్డు చేతనయ్యేది ఒక్క నీళ్ళ ట్యాంకు. అడిగినవి రెండు చోట్లు, మా వీధి, క్వారీ అవతలి కాలనీ. రెండు చోట్లా ఒకటే అవస్థ, ఎక్కడ కట్టినా న్యాయమేనన్నాడు ఇంజనీరు. మా ఆయన మెంబరైన రోజునే మా వీధి అర్జీ తన చేత్తో ఇచ్చాడు. కాలనీవాళ్ళది అంతకు కొన్నాళ్ళ ముందే వచ్చి ఉంది. "ప్రెసిడెంటు గారి వీధికే వేద్దాం, కాదనేదెవరు?" అన్నారు మెంబర్లంతా. కాదన్నది ప్రెసిడెంటు గారే.

ఆ కాలనీవాళ్ళకు ఈయనకు ఓటేసే వీలు కూడా లేదు, అది వేరే మెంబరు ఏరియా. నాకు కడుపు మండిపోయింది.

"మిమ్మల్ని గెలిపించింది ఎందుకండీ? ఈ నీళ్ళకేగా!"

"వాళ్ళు ముందొచ్చారోయ్. మనకిచ్చుకుంటే నా మొహం నేను చూసుకోగలనా? వచ్చే ఏడు మనదే. ఏమంటావక్కా?"

వదిన తల ఎత్తలేదు. "నీ ఇష్టంరా," అంది. ఆయన అది ఒప్పుకోలనుకున్నాడు. మగవాళ్ళకు ఆ రెండు మాటలు ఎప్పుడూ అలాగే వినపడతాయి.

కాలనీలో కుళాయి తిప్పిన రోజు ఆయన ఉబ్బితబ్బిబ్బై ఇంటికొచ్చాడు. అక్కడొక ముసలావిడ నీళ్ళు మోసి మోసి వంగిపోయిందట, ధార కింద చెయ్యిపెట్టి ఏడ్చిందట. వదిన ముందు ఆ ముసలావిడ ఎలా నడుస్తుందో కూడా నడిచి చూపించాడు. వదిన అంతా వింది. అబద్ధమెందుకు, ఆ సాయంత్రం మా ఆయన్ని చూస్తే నాకు గర్వంగానే ఉంది.

మరుసటి ఏడు వరదకు వంతెన కొట్టుకుపోయింది. బోర్డు డబ్బంతా దాని కిందికే పోయింది. ఆ వానల్లోనే వదిన బకెట్లతో జారిపడింది. ఈయన డాక్టర్ని తీసుకొచ్చాడు, మందులు తెచ్చాడు, మళ్ళీ కారెక్కి వంతెన దగ్గరికి పరుగెత్తాడు. నీళ్ళు నేను మోశాను. లేచి నిలబడగలిగిన రోజునే వదిన నా చేతిలోంచి ఒక బకెట్టు లాక్కుంది. అప్పటినుంచీ ఒక చెయ్యి నడుం మీద పెట్టుకునే గట్టెక్కేది. ఆయన తెల్లారి పోయి పొద్దుగూకి వచ్చేవాడు, ఆ నడక ఆయన కళ్ళపడలేదు.

నాలుగోసారి పోటీగా మందుల షాపు కుర్రాడు నిలబడ్డాడు. ఉపన్యాసాలేమీ లేవు. "గట్టు మీదికి నీళ్ళు" అన్న ఒక్క మాటే గోడలన్నిటి మీదా రాయించాడు. ఈసారి గెలవకపోతే ట్యాంకు మాట అటుంచి, ఇన్నాళ్ళ తన పద్ధతే తప్పని ఊరు తీర్పిచ్చినట్టవుతుందని మా ఆయన బెంగ. ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎవరూ అనలేదు, ఈయనకు తట్టలేదు.

ఓడిపోయాడు. పెద్ద తేడా కాదు, కానీ దెబ్బ తగిలింది మా వీధిలోనే.

లెక్కింపు నుంచి మధ్యాహ్నం ఒక్కడే నడిచొచ్చాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేదు. వర్క్‌షాపులో స్టూలు మీద కూలబడ్డాడు. వదిన గడప మీద కూర్చుని ఉంది.

"మన వీధివాళ్ళే వెయ్యలేదక్కా," అన్నాడు.

"నేనూ వెయ్యలేదు."

నేను చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆయన ముందు నవ్వబోయాడు, హాస్యమాడుతోందనుకుని.

"నువ్వా?"

"నేనేరా. ఎక్కడో క్వారీ అవతల ముసలమ్మ నడుం వంగితే నీకు కనపడింది. ఈ గుమ్మంలోంచి నేను రోజూ నీ ఎదురుగానే దిగాను."

"ఒక్క మాట అడగాల్సింది కదే! గట్టిగా ఒక్కసారి అడిగి ఉంటే..."

"అడగాలా?" ఆవిడ గొంతు పెరగలేదు. "నిన్ను పెంచేటప్పుడు నువ్వు అడిగితే పెట్టానా అన్నం?"

ఆయన మొహం చూడలేకపోయాను. ఓడినందుకు ఏడవని మనిషి ఆ మాటకు ఏడ్చాడు. నాకు ఇద్దరి మీదా జాలే. ఆయన చేసింది తప్పని ఇప్పటికీ అనలేను. కానీ మోటారు బల్ల మీద ఎన్నాళ్ళున్నా దానికి నొప్పి పుట్టదు, మనుషులకు పుడుతుంది. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. వదిన చెప్పింది, ఓటుతో.

ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత వదినే అంది, "కారు పోయిందిగా, రేపటి నుంచి ఇంట్లోనేగా ఉంటావు. నీళ్ళు నువ్వు తీసుకురా."

మర్నాడు పొద్దున్నే దిగాడు. వెనకాల నేనూ వెళ్ళాను. కుళాయి దగ్గర ఆడవాళ్ళు జరిగి చోటివ్వబోతే వద్దని చివర్న నిలబడ్డాడు. రెండు బకెట్లూ నిండాక గట్టెక్కడం మొదలుపెట్టాడు. తనకు ఓటెయ్యనివాళ్ళు గుమ్మాల్లో నిలబడి, నవ్వాలో పలకరించాలో తెలియక, చూస్తూ ఉండిపోయారు. సగం దూరం కూడా పోలేదు, బకెట్లు దింపి, ఎర్రగా కోసుకుపోయిన అరచేతులు చూసుకున్నాడు.

"ఇంత బరువుంటాయా?" అన్నాడు.

"ఉంటాయండీ," అన్నాను.