ఆఖరి బెంచీకి వినపడాలి

మొన్న డ్యూటీకి వెళ్తూ మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీట్లో పెద్దావిడ సంచిలోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఇన్నేళ్లయినా లవంగం వాసన వస్తే చాలు, అన్నపూర్ణ టీచర్ క్లాసులోకి వచ్చినట్టే నాకు.

ఆవిడది తెనాలి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చిన్న ప్రైవేటు బడిలో మాకు సైన్సు చెప్పేవారు. గొంతు బొంగురుపోకుండా ఎప్పుడూ ఓ లవంగం నములుతుండేవారు. ఆవిడ హాజరు తీసుకునే తీరే వేరు. పేర్లు పిలవరు. వరసగా లేచి, ఇంటిపేరుతో సహా ఎవరి పేరు వాళ్లే చెప్పాలి. వినపడిందని ఆఖరి బెంచీవాళ్లు చెయ్యెత్తితేనే టిక్కు పడేది. మిగతావాళ్లకు అదో ఆట, నాకు ప్రాణసంకటం. మా ఇంటిపేరు పిట్టల. అది నోట్లోంచి రాగానే వెనక నుంచి ఎవడో ఒకడు ఈల వేసేవాడు. అందుకని ఇంటిపేరు మింగేసి, సువార్త అని గొణిగి కూర్చోబోయేదాన్ని. ఒక్క చెయ్యీ లేచేది కాదు.

ఇక బడికి పోనని ఇంట్లో మొండికేశాను. మా అమ్మ రొట్టెలు కాలుస్తూ తలైనా ఎత్తలేదు. "పేరు చెప్పుమంటే గింత పరేషాన్ ఎందుకే? దొంగతనం చేసి తెచ్చుకున్నవా ఏంది?" అంది.

మర్నాడు బడికి పోక తప్పలేదు; నేను లేచి నిలబడగానే ఈల వినపడింది. టీచర్ ఆ ఈల వేసినవాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ నా బెంచీ దగ్గరికొచ్చి, లవంగాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, "నీ పేరు నువ్వే మింగేస్తే ఇంకెవరు పిలుస్తారే? చెప్పు, నాకేం తొందర్లేదు," అన్నారు. నిజంగానే తొందరపడలేదు. పాఠం ఆపేసి నిలబడ్డారు. చివరికి ఏడుపూ కోపమూ కలిసి అరిచినట్టే చెప్పాను. వెనక చేతులన్నీ లేచాయి, ఈల వేసినవాడిది కూడా.

తర్వాత నర్సింగ్ చదివి, ఎల్బీనగర్‌లో ఓ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేరాను. పోయినేడు టీచరే గొంతులో గడ్డతో మా దగ్గరికొచ్చారు. గడ్డ తీసేటప్పుడు పక్కనున్న నరానికి దెబ్బ తగిలితే మాట పోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు. చావంటే టీచర్‌కి పెద్ద లెక్క లేదు. స్ట్రెచర్ మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని, "మాట పోతే ట్యూషన్ పిల్లలకి ఏం చెప్పనే?" అని అడిగారు. ఏమీ కాదని పైకి అని, స్ట్రెచర్‌ను థియేటర్‌లోకి తోశాను.

మత్తు దిగాక గొంతు ఎలా ఉందో చూడటానికి పేరు చెప్పించడం మా పద్ధతి. ఆ పని నాకే పడింది. పేరు చెప్పమని అడిగాను. పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరమ్మ నా వైపు చూశారు. నాకు ఏడుపొచ్చేస్తోంది. అయినా ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఒకటుందిగా, నిలబడ్డాను. కాసేపాగి ఆవిడ చెవి దగ్గర వంగాను.

"ఆఖరి బెంచీకి వినపడలేదు టీచర్. చెప్పండి, నాకేం తొందర్లేదు."

కళ్లు తెరిచారు. "కొల్లిపర అన్నపూర్ణ," అన్నారు, గరుకుగా, స్పష్టంగా. కాస్త ఊపిరి పీల్చుకుని, "హాజరు వేసుకో," అన్నారు.

పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. అంతమంది ముందు, ఏం చేస్తున్నానో తెలియకుండానే చెయ్యెత్తాను.

ఇప్పుడు ఆవిడ ట్యూషన్ మళ్లీ నడుస్తోంది. ఆపరేషన్ అయ్యాక గొణిగే ప్రతి మనిషి దగ్గరా నేను అలాగే నిలబడుతున్నాను, తొందరపెట్టకుండా.

మెట్రోలో ఆ పెద్దావిడ, నా ముఖంలో ఏం కనిపించిందో గానీ, ఓ లవంగం నా చేతిలో పెట్టి, "నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది.

"పిట్టల సువార్త," అన్నాను. పెట్టె చివర తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు.