బాపు స్లైడ్లు, అమ్మ బొట్టు

మా ఇంట్లో దుమ్మంటే పగ. వరంగల్ చౌరస్తా దగ్గర మాది బట్టల దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తగానే మా నాన్న, మేము పిలిచినట్టు బాపు, దేవుడి పటానికి అగర్బత్తి వెలిగించేవాడు కాదు, ముందు తాన్ల మీది దుమ్ము దులిపేవాడు. దేవుడు కాసేపు ఆగుతాడు గానీ గిరాకీ ఆగదని ఆయన లెక్క. తెల్లగుడ్డ మీద చిన్న మరక పడితే ఆ తాను కట్‌పీసుల కుప్పలోకి పోయినట్టే. నాకూ ఆ రక్తమే వచ్చింది. ఎవరింటికి వెళ్ళినా టీ కప్పు అందుకునే ముందు బల్ల మీద వేలు రాసి చూసే పాడు అలవాటు నాది. ఆ అలవాటే ఒకరోజు మా అమ్మను ఏడిపించింది.

బాపు పోయి కొన్ని నెలలైంది. ఒక మధ్యాహ్నం అమ్మ ఆటో దిగి, పాత తువ్వాలలో చుట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి నా ఒళ్లో పెట్టింది. లోపల బాపు తీసిన స్లైడ్లు. చిన్న అట్ట చట్రం, దాని మధ్యలో వేలెడు కూడా లేని ఫిల్ముముక్క. వెలుతురుకు ఎత్తిపట్టి కన్ను చికిలిస్తే తప్ప అందులో ఎవరున్నారో తెలియదు.

“మీ ఇంట్ల మిషిన్ ఉందట గద బిడ్డా, వీటిని కంప్యూటర్ల పెద్దగ చూపిస్తదట. జర చెయ్యరాదు?” అంది.

చేస్తాను గానీ ఇంత ఎండలో పడి రావాలా అని విసుక్కున్నాను. అమ్మ కొంగు సవరించుకుని, నా వైపు చూడకుండా అంది.

“అద్దంల చూస్కుంటే ఎవలో ముసలామె కనబడ్తాంది. పదోనాడు బొట్టు తీసినకాన్నుంచి నా మొఖం నాకే ఆనవాలు పడ్తలేదు. పెండ్లి ఫోటోల బొట్టు నల్లగుంటది. నా పడుసుదనంల మీ బాపు తీసినయే రంగులల్ల ఉన్నయి. ఒక్కసారి ఎర్రబొట్టుతోని నన్ను నేను చూస్కోవాలె.”

అమ్మ నన్ను ఏదైనా అడగడమే అరుదు. నా విసుగు నా నోట్లోనే ఎండిపోయింది.

ఆ కెమెరా మా ఇంటికి వచ్చిన కథ చెబితే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. డెబ్బైల్లో మాట. వానాకాలం ముందర ఇంటి రేకులు కారుతున్నాయి, మార్పించమని నాయనమ్మ పోరు పెడుతోంది. బాపు రేకులకని బయల్దేరాడు. దారిలో, మా దుకాణానికి వచ్చే గిరాకీ ఒకాయన బదిలీ మీద ఊరు వదిలి పోతూ సామాన్లు అమ్ముతుంటే చూశాడు. సాయంత్రం ఇంటికి రేకులు రాలేదు, తోలు సంచిలో కెమెరా వచ్చింది. నాయనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “వానొస్తే దీన్నే నెత్తిన పట్టుకో బిడ్డా” అంది. ఆ ఏడు ఇల్లంతా గిన్నెలు పరిచి వాన పట్టాం.

పైగా బాపు వాడింది మామూలు ఫిల్ము కాదు. నలుపు తెలుపు ఫోటోలైతే ఊళ్లోనే కడిగి ఇచ్చేవారు. స్లైడ్ల ఫిల్ము హైదరాబాదు నుంచి తెప్పించుకోవాలి, తీసిన తర్వాత బొంబాయికి పోస్టు చేయాలి, తర్వాత వారాల తరబడి పోస్టుమాన్ దారి చూడాలి. ఎందుకింత తిప్పలని ఎవరైనా అడిగితే బాపుకు కోపం వచ్చేది. “రంగురంగుల బట్టలమ్ముకునేటోన్ని. నా ఇంటోళ్లు నలుపు తెలుపుల ఎందుకు పడాలె?”

అంత తిప్పలు పడి తెచ్చిన ఫిల్ము కాబట్టి ఒక్క ఫోటో తీయడం ఒక పెళ్లి చేసినంత పని. ఆ కెమెరాలో కన్ను పెట్టి చూస్తే మధ్యలో ఒక గుండ్రం ఉండేది. ఫోకస్ కుదరకపోతే ఆ గుండ్రంలో ఏ వస్తువైనా రెండు ముక్కలుగా చీలి, ఒక ముక్క పక్కకు జరిగినట్టు కనబడేది. రింగు తిప్పుతూ ఆ రెండు ముక్కల్నీ కలపాలి. కలపడానికి కంటికి ఆనే గుర్తు ఒకటి కావాలి. పిల్లలం కోతులం, క్షణం నిలబడేవాళ్లం కాదు. బాపు అమ్మ బొట్టును గుర్తు పెట్టుకున్నాడు. శనగగింజంత, ఎర్రగా, గుండ్రంగా ఉండేది. ఎంత దూరం నుంచి తీసినా, ఎంతమంది నిలబడ్డా, ఆయన ముందు అమ్మ బొట్టును వెతుక్కునేవాడు.

అమ్మ పెదవులు కదలకుండా అడిగేది, “దొరికిందా?”

“దొరికింది. కదలకు.”

అప్పుడు గానీ క్లిక్కుమనేది కాదు. మాకు ఆ రెండు మాటలూ కెమెరాలో భాగమే అనిపించేవి. హసన్‌పర్తి చెరువు కట్ట మీద గాలికి కొంగు ఎగిరిపోతున్నా అవే మాటలు. తొర్రూరులో మేనత్త ఇంటి ముందు పత్తి కుప్ప మీదికెక్కి మా అన్న నడుం దాకా దిగబడి కేకలు పెడుతున్నా అవే మాటలు. పత్తి కుప్ప ఫోటో తీసిన రోజు అమ్మ చిలకపచ్చ చీర కట్టింది. అన్నను పైకి లాగమని మేనత్త మొత్తుకుంటుంటే, బాపు “ఆగు అక్కా, దొరుకుతాంది” అంటూ రింగు తిప్పుతూనే ఉన్నాడు.

స్లైడ్లు తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ఆట. కిటికీలకు దుప్పట్లు, గోనెసంచులు కట్టేవాళ్లం. బాపు దుకాణం నుంచి తెల్ల లాంగ్‌క్లాత్ తాను తెచ్చి గోడకు పరిచేవాడు. ప్రొజెక్టర్ వెలిగితే వేడి బల్బు వాసన, గది నిండా ఉక్కపోత. ప్రతిసారీ ఒక స్లైడు తలకిందులుగా పడేది. అది ఎప్పుడూ నాయనమ్మదే కావడం మా అదృష్టం. ఆట అయిపోగానే ఆ గుడ్డ ఇస్త్రీ అయి మళ్లీ దుకాణానికి పోయేది. “మన మొఖాలు పడ్డ గుడ్డ రేపు ఎవని లాగు అయితదో” అని నాయనమ్మ గొణిగేది.

అమ్మ మాత్రం ఎన్నడూ కుదురుగా కూర్చుని చూసింది లేదు. గుమ్మంలో నిలబడి ఒక కన్ను గోడ మీద, ఒక కన్ను పొయ్యి మీది పాల మీద వేసేది. తన బొమ్మ రాగానే సిగ్గుపడి లోపలికి పోయేది. ఎనభైల్లో ప్రొజెక్టర్ బల్బు కాలిపోయింది. అలాంటిది మళ్లీ దొరకలేదు. ఆలోగా ఊళ్లోనే కలర్ ఫోటోలు వచ్చాయి, డబ్బా అటక ఎక్కింది. మేమంతా నెలల తరబడి మాట్లాడుకున్న ఆ రంగుల్ని అమ్మ సరిగ్గా చూడనే లేదని, డబ్బా నా ఒళ్లో పెట్టిన రోజు దాకా నాకు తట్టలేదు.

స్కానర్ మీద స్లైడ్లు పేర్చాను. తెర మీద మొదటి బొమ్మ చూసి నా ఒళ్లు మండింది. వెంట్రుకలు, నూగు, బూజు మచ్చలు, అటక మీది దుమ్మంతా అక్కడే ఉంది. స్కానర్‌లో దుమ్ము తీసేయడానికి డస్ట్ రిమూవల్ అని ఒక గడి ఉంది. దుకాణదారు బిడ్డకు అలాంటి గడి కనబడితే ఊరుకుంటుందా? టిక్కు పెట్టి, ఎంత వరకు పోతే అంత వరకు పెంచాను. మచ్చ లేకుండా, కొత్త తాను విప్పినట్టు వచ్చాయి బొమ్మలు. గర్వంగా అమ్మను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాను.

అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. పత్తి కుప్ప, దిగబడ్డ అన్న, చిలకపచ్చ చీర. తెర మీద తన నుదుటిని వేలితో తాకింది.

“నా బొట్టేది?”

నేను వంగి చూశాను. నుదురు బోసిగా ఉంది. చెరువు కట్ట బొమ్మ తీశాను, అందులోనూ లేదు. నాయనమ్మకు లేదు, మేనత్తకు లేదు. బాపు మమ్మల్నందరినీ పట్టించడానికి దూరం నుంచి తీశాడు కదా, ఆ దూరంలో బొట్టంటే ఒక చుక్క. చుక్క కనబడితే దుమ్మే అనుకుంది యంత్రం. తుడిచేసింది.

“మనుషులు తీసిండ్రంటే రివాజు అనుకున్న. గిది గూడ తీసిందా?” అంటూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పదోనాడు కూడా అంత ఏడవలేదు. నా శుభ్రం పిచ్చిని నేను ఆ రోజు తిట్టుకున్నంతగా ఎన్నడూ తిట్టుకోలేదు.

టిక్కు తీసేసి మళ్లీ స్కాన్ చేశాను. దుమ్మంతా తిరిగొచ్చింది. దాని వెంట బొట్టు కూడా వచ్చింది. దాన్ని పెద్దది చేస్తూ పోయాను. నా మొహం మసక, అన్న చేతులు కదిలిపోయి ఉన్నాయి. మేనత్త ముక్కుపుడక కూడా సరిగ్గా లేదు. అమ్మ బొట్టు అంచు మాత్రం గీత గీసినట్టుంది, ఎర్రగా.

అమ్మ తడి కళ్లతోనే నవ్వింది. “ఎవలెట్ల పడ్డా ఆయనకు ఫికరే లేకుండె. దీన్నే చూసేటోడు.”

ఆ పక్కనున్న వెంట్రుక ఒక్కటీ తీసేస్తానన్నాను, చెయ్యి ఊరుకోక.

“ఉండనియ్యి. అటుజేసి ఇటుజేసి మళ్ల దాన్నే తీస్తవ్.”

ఆ నవ్వు పోకముందే పట్టుకోవాలనిపించి ఫోను ఎత్తాను. అమ్మ ఫోను వైపు చూసింది, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

“ఇప్పుడు దేన్ని పట్టుకొని తీస్తవ్ బిడ్డా?”

ఫోను దానంతటదే మొహాన్ని పట్టుకుంటుందని చెప్పవచ్చు. చెప్పాలనిపించలేదు. అమ్మ లేచి నా దేవుడి గూటి దగ్గరికి వెళ్లింది. కుంకుమ భరిణె మూత తీసిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుంది. నుదుటి మీద శనగగింజంత బొట్టు, అద్దం చూడకుండా పెట్టుకుందేమో కొంచెం పక్కకు పోయింది. కొంగు సవరించుకుని, వీపు నిటారుగా పెట్టి, పెదవులు కదలకుండా అడిగింది.

“దొరికిందా?”

“దొరికిందమ్మా. కదలకు.”