వేలిముద్రకు పైన నేను రాసిన మాట

నాలుగేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. సగం పేజీ కూడా లేదు. దాని గురించి డైరీలో సైతం రాసుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అక్కను, దాని రెండేళ్ల బిడ్డను బావ చంపాడు. అనుమానంతో. సెలవు దొరికితే తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ నుంచి రెండు బస్సులు మారి మా ఊరొచ్చి, అమ్మ చేతి ఉగ్గాణి తినేవాడు. నాకు పుస్తకాలు తెచ్చిచ్చేవాడు. ఆ మనిషే. బళ్ళారి కోర్టు ఉరిశిక్ష వేసింది.

కేసు హైకోర్టులో నడుస్తుండగా, ఆ శిక్ష మీద మా కుటుంబం ఏమంటుందో కనుక్కోవడానికి కోర్టు తరఫున ఒక ఆఫీసరమ్మ ఇంటికి వచ్చింది. మంగళూరు వైపు మనిషి, తెలుగు రాదు. అమ్మది సంతలో నేర్చిన కన్నడం, చదవడం ఏ భాషలోనూ రాదు. అమ్మ చెప్పింది కన్నడంలో రాసి వేలిముద్ర వేయించమని నా చేతికి కాగితమిచ్చి, ఫోను మోగితే ఆమె బయటికి వెళ్లింది. అందులో వింతేమీ లేదు. బ్యాంకు నుంచి ఏ కన్నడ కాగితం వచ్చినా తెలుగులో చదివి వినిపించేది చిన్నప్పటి నుంచీ నేనే. బళ్ళారి వైపు మా తెలుగు ఇళ్లలో అది బడికెళ్లిన పిల్లల పని.

"ఉరి వద్దని రాయి పాపా," అంది అమ్మ.

"ఏంది మా నువ్వనేది? అక్కను సంపినోన్ని!"

"సంపినాడు. సచ్చేదాకా జైల్లోనే పడుండనీ. వాళ్లమ్మకు గూడా వాడొక్కడే. నా కడుపు కాలింది సాలదా? ఆయమ్మది గూడా కాలల్లా?"

బావ మోసం చేశాడు. ఇప్పుడు అమ్మ కూడానా? అక్క తరఫున ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలానా? నలుగురి ముందు నోరు పెగలని నా చేతిలో ఆ రోజు పెన్ను ఉంది. 'ఉరి తీయాలి. అంతకు తక్కువైతే మాకు న్యాయం కాదు' అని కన్నడంలో రాశాను.

"రాసినావా? సదువు."

చదివాను. కాగితం మీద చూపు కదుపుతూ, అమ్మ అన్న మాటలనే అమ్మకు వినిపించాను. వాళ్లమ్మ సంగతి కూడా వదల్లేదు.

"బాగా రాసినావు పో," అని వేలు చాపింది. ఇంకు నేనే పూశాను.

రాసింది కోపంతో. మరి అలా చదివింది ఎందుకు? దానికి ఏ పేరు పెట్టుకోను?

హైకోర్టు ఉరిని ఖాయం చేసింది. నా కాగితం వల్లేనా? కాదేమో, అతను చేసిన పనే చాలేమో. ఈ 'ఏమో' పట్టుకునే ఇన్నాళ్లూ నిద్రపోయాను. సుప్రీంకోర్టులో ఇంకా తేలలేదు. అతను బతికే ఉన్నాడు, అంటే నేనింకా చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్పని ప్రతిరోజూ ఆ కాగితాన్ని మళ్లీ రాస్తున్నట్టే కదా?

అమ్మ ఇప్పటికీ బియ్యం ఏరుతూ అంటుంది: "నా మాట కోర్టు ఇనలేదు పాపా. ఆ ఆఫీసరమ్మ పైకి పంపిచ్చిందో లేదో."

పంపిందమ్మా. నేను రాసింది రాసినట్టే పంపింది.

ఈ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇక్కడ మాత్రం రాశాను. ఊపిరి ఆడుతోంది.