ఖాళీ ఊయల బరువు

నేను దెయ్యాల్నీ, దిష్టినీ, చేతబడినీ నమ్మే మనిషిని కాను. జగ్గయ్యపేటలో మాది తాళ్ళు, టార్పాలిన్ పట్టాలు, వలలు అమ్మే కొట్టు. మా నాన్న తర్వాత నేను చూసుకుంటున్నాను. నైలాన్ తాడు కిలోల లెక్కన అమ్ముతాం. కాటా ముల్లు కదిలితే సరుకు ఉన్నట్టు, కదలకపోతే లేనట్టు. నాకు తెలిసిన వేదాంతం అంతవరకే. ఎవరైనా కొట్టు ముందు కూర్చుని శ్మశానం కబుర్లు మొదలుపెడితే లేవగొట్టి పంపేసేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్న సంగతి నా భార్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

చలపతి నా తోడల్లుడు, అంటే నా భార్య చెల్లెలు శైలజ భర్త. నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. వంద కిలోలకి పైబడిన భారీ మనిషి. మాట మాత్రం మెత్తన. నన్ను "అన్నయ్యా" అనేవాడు, ఎప్పుడూ మీరు అనే పిలిచేవాడు.

అతను నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. ఆ మాట ముందే చెప్పాలి. అత్తవారింట్లో ఏ విషయం వచ్చినా మా మామగారు "చలపతి ఏమంటాడో కనుక్కోండి" అనేవారు. నేను పక్కనే ఉన్నా సరే. నా కడుపుమంటంతా అదే. అందుకని నలుగురూ చేరినప్పుడల్లా అతని లావు మీద జోకులు వేసేవాణ్ణి. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు అతనే నవ్వేవాడు.

రెండేళ్ళ కిందట ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఇంజినీర్లు అడుగుతున్నారని క్యాంపింగ్ ఊయలలు తెప్పించాను. చెట్టుకీ చెట్టుకీ మధ్య కట్టుకుని పడుకునేవి. అది తెలిసి చలపతి కొట్టుకొచ్చాడు. ఆదివారాలు చెవిటికల్లు దగ్గర కృష్ణ ఒడ్డుకి వెళ్ళి చెట్టు నీడన పుస్తకం చదువుకోవడం అతని సరదా. స్కూటరు మీద తిరిగి తిరిగి నడుము నొప్పి. చాప మీద కూర్చోలేకపోతున్నాడు.

ఆ రోజు మాత్రం అతనికి నిజాయితీగానే ఎంచి పెట్టాను. వల అల్లిక ఊయల వద్దన్నాను, ఒంటిమీద గళ్ళు పడతాయి. పారాచూట్ గుడ్డది, ఆరడుగులకి పైన వెడల్పున్నది తీశాను. నిలువుగా పడుకుంటే నడుము వంగిపోతుంది, ఏటవాలుగా పడుకుంటే వీపు చదునుగా ఆనుతుంది, దానికి ఆ వెడల్పు కావాలి. కట్టడానికి సన్నతాడు పనికిరాదు. బెరడు కోస్తుంది, జారుతుంది. నవారులా రెండు వేళ్ళ వెడల్పున్న పట్టీలు, వాటికి వరసగా కుట్టిన ఉచ్చులు ఉండాలి. కొక్కెం ఆ ఉచ్చులోనే తగిలించాలి. ఎత్తు కుర్చీ ఎత్తుకి మించకూడదు, పడినా దెబ్బ తగలకుండా.

గోడౌన్ రేకుల షెడ్డులో రెండు ఇనప స్తంభాల మధ్య కట్టి చూపించాను. చలపతి పట్టీల వాలు చూసి, "ముప్పై డిగ్రీల వాలులో కడితే మనిషి బరువెంతో ఒక్కో పట్టీ మీద అంత బరువూ పడుద్ది అన్నయ్యా. సగం సగం కాదు. చాలామందికి తెలీదు," అన్నాడు. తర్వాత అందులో అడ్డంగా ఒరిగి, రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. లేచాక కళ్ళు నలుపుకుంటూ, "నడుమున్న సంగతే మర్చిపోయా. నాకిదే కావాలండీ," అన్నాడు.

వారంలో కార్తీక వనభోజనాలున్నాయి, అక్కడికి తెచ్చి నేనే కట్టిపెడతానన్నాను.

చెవిటికల్లు పక్కన మామిడితోటలో వనభోజనాలు. మామగారి వైపు బంధువులు నలభై మంది దాకా వచ్చారు. ఊయల కట్టింది నేనే. నడుమెత్తులో కట్టాను, పడితే అందరికీ బాగా కనబడాలని. ఒక పక్క కొక్కెం సరిగ్గా ఉచ్చులోనే తగిలించాను. రెండో పక్క పట్టీ కొసన జారుముడి వేసి, దానికి తగిలించాను. అది ఎంతసేపు ఆగుతుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తాళ్ళు అమ్ముతున్నవాణ్ణి.

"రావయ్యా ప్రొఫెసరూ, ప్రారంభోత్సవం నీదే," అని అందరికీ వినబడేలా పిలిచాను.

చలపతి స్టూలెక్కి నెమ్మదిగా కూర్చున్నాడు. ఒరిగాడు. నావైపు చూసి నవ్వాడు. అప్పుడు ముడి జారింది.

అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా. చలపతి నేలమీదనుంచే, "నా బరువుకి ఏ పట్టీ ఆగుద్దిలే," అన్నాడు. అతను లేవడం లేదని ముందు గమనించింది శైలజ. అతని వీపు కింద మామిడి వేరు ఒకటి పైకి తేలి ఉంది. నేను చూడలేదు. చూసి ఉంటే పక్కకి కట్టేవాణ్ణా అని అడిగితే, ఏమో, చెప్పలేను.

విజయవాడలో ఆపరేషన్ చేశారు. నడుము కింద స్పర్శ రాలేదు. నడుము పైన మాత్రం నొప్పి పోలేదు. పట్టీ తెగిందని అందరికీ చెప్పాను. తెగిన పట్టీ చూపించమని ఎవరూ అడగలేదు. ఆసుపత్రికి ఒకసారి వెళ్ళాను, తర్వాత నందిగామలో వాళ్ళింటికి ఇంకోసారి. కొట్టు వదిలి రాలేకపోతున్నానని నా భార్యతో చెప్పించేవాణ్ణి.

ఊయల మాత్రం నాతోనే తిరిగొచ్చింది. దానికేమీ కాలేదు. ఉతికించి, శాంపిల్‌గా మళ్ళీ ఆ స్తంభాలకే కట్టాను.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, రెండు గంటలప్పుడు, పట్టాల మోపు కోసం గోడౌన్‌లోకి వెళ్ళాను. ఊయల కిందికి దిగి ఉంది. ఎవరో తాడు చుట్టలు పడేశారనుకుని దగ్గరికెళ్ళి చూస్తే లోపల ఏమీ లేదు. అయినా గుడ్డ బిగుసుకుని, అడుగున ఉబ్బి ఉంది. నిలువుగా కాదు, ఏటవాలుగా. అడుగు నుంచి చేత్తో పైకి నెట్టాను. గుడ్డ లేవలేదు. చేతికి మెత్తగా, గట్టిగా తగిలింది, ధాన్యం బస్తా కింద చెయ్యి పెట్టినట్టు.

గుడ్డ సాగిపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. మూడున్నరకి మళ్ళీ వెళ్ళి చూశాను. ఊయల తేలిగ్గా పైకి లేచి గాలికి ఊగుతోంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజూ రెండింటికి దిగుతుంది, మూడు దాటాక లేస్తుంది.

నాలుగో రోజు తాళ్ళు తూచే వేలాడే కాటా తెచ్చి, పట్టీకీ ఊయలకీ మధ్య తగిలించాను. ఉత్త ఊయల కిలో కూడా లేదు. రెండయ్యేసరికి, నేను చూస్తుండగానే, ముల్లు నెమ్మదిగా తిరిగి తొంభై ఆరు దగ్గర ఆగింది. అది వణుకుతూ ఉంది. ఊపిరి పీల్చి వదిలినట్టు సన్నగా పైకీ కిందికీ.

ఆ రాత్రి అన్నం తింటుంటే నా భార్య తనంతట తనే చెప్పింది. "పాపం చలపతిని మొన్న తూచారంట. తొంభై ఆరేనంట. ఎట్టా ఉండే మనిషి!"

మజ్జిగ కలుపుకుని తినేశాను.

భయం ఎన్నాళ్ళో ఉండలేదు. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ నిజం. వారం తిరిగేసరికి అలవాటైంది. రోజూ భోజనం చేసి వచ్చి, కాటా చూసి, వెళ్ళి గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. ఎనభై ఎనిమిది. ఎనభై ఒకటి. డెబ్భై నాలుగు. నందిగామ వెళ్ళకుండానే అతనెలా ఉన్నాడో నాకు తెలుస్తోంది కదా, ఇంకెందుకు వెళ్ళడం అనుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా ఆ ఊయలతో ఒక మాట అనలేదు. ఏమని అంటాను?

ఎండాకాలం చివర్లో ముల్లు అరవై మూడు దగ్గర ఆగిన రోజు మాత్రం నా వల్ల కాలేదు. ఇంకెంత తగ్గితే ఏమవుతుందోనన్న ఆలోచన వచ్చింది. అది నా షెడ్డులో జరగకూడదనుకున్నాను. మర్నాడు పొద్దున, సిమెంటు లారీ డ్రైవరు ఒకతను పట్టా బిగించే తాడు కోసం వచ్చాడు. శాంపిల్ చూసి, క్యాబిన్‌లో సీట్ల వెనక కట్టుకుంటానన్నాడు. విప్పి ఇచ్చేశాను. ఆ మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూస్తే రెండు స్తంభాలు మాత్రం ఉన్నాయి. హాయిగా అనిపించింది.

ఆ హాయితోనే పది రోజుల తర్వాత నందిగామ వెళ్ళాను.

చలపతి మంచంలో సగమయ్యాడు. నన్ను చూసి శైలజని కాఫీ పెట్టమని పంపాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళాక నెమ్మదిగా అడిగాడు.

"అన్నయ్యా, ఊయల ఎక్కడుంది?"

కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను. అతనే చెప్పాడు.

"మాత్రేసుకుని రెండింటికి కళ్ళు మూస్తే చాలు, మీ షెడ్డులో ఉండేవాణ్ణి. పైన రేకులు కనబడేయి. అక్కడ నొప్పి లేదండీ. రోజుకి ఆ గంటే నాకు. మీరు వచ్చేవాళ్ళు. కాటా చూసి వెళ్ళిపోయేవాళ్ళు. పిలిస్తే మీకు వినబడేది కాదేమో. ఒక్కసారి కూడా పలకరించలేదు."

అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"పది రోజులనుంచీ మీ షెడ్డు కాదది. డీజిల్ కంపు. ఒకటే కుదుపు. ఎవరో వచ్చి నా మీద పడుకుంటున్నారు అన్నయ్యా. బరువు. అరిచినా లేవట్లేదు. ఎవరికైనా ఇచ్చేశారా?"

"లేదు. కొట్లోనే ఉంది," అన్నాను.

చలపతి చాలాసేపు నా మొహం చూశాడు. "సరేనండీ. ఇంటికెళ్ళాక ఒకసారి చూడండి," అన్నాడు.

కాఫీ తాగకుండా వచ్చేశాను. ఆ డ్రైవరు పేరు తెలియదు, లారీ నంబరు తెలియదు. మర్నాటి నుంచి ముక్త్యాల రోడ్డులో లారీలు ఆగే టీకొట్ల దగ్గర నిలబడ్డాను. కనబడ్డ ప్రతి డ్రైవరునీ అడిగాను. కొందరు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. కొట్టు సగం రోజులు మూసే ఉండేది. బాకీ వసూలుకి తిరుగుతున్నానని నా భార్యతో అబద్ధం చెప్పాను.

శ్రావణంలో, ఒక శనివారం పొద్దున దొరికాడు. నేను గుర్తుపట్టలేదు, అతనే నన్ను గుర్తుపట్టాడు.

"ఏందండీ మీరమ్మింది? దాంట్లో ఎవడికీ కునుకు పట్టలేదు. నేను పడుకున్నా, మా రెండో డ్రైవరు పడుకున్నా ఒకటే ఇరుకు. కింద ఎవరో ఉన్నట్టు."

"ఎక్కడుందది? ఎంతిచ్చైనా కొనుక్కుంటా."

"ఎక్కడుంటదీ! మొన్న గురువారం కీసర దగ్గర వంతెన మీదనుంచి మునేట్లోకి విసిరేశాం. మెలిపెట్టి, బరువుకి రాయి కట్టి మరీ వేశాడు మావాడు. పీడ వదిలిందనుకున్నాం."

బండి తీసుకుని కీసర వెళ్ళాను. పైన వానలు పడి మునేరు ఎర్రగా, నిండుగా పారుతోంది. వంతెన పిట్టగోడ పట్టుకుని చాలాసేపు కిందికి చూశాను. ఆ వరదలో ఏం వెతుకుతాం? అక్కడే వెనక్కి తిరిగి నందిగామ వెళ్ళాను. ఈసారి అంతా చెప్పేద్దామనే బయల్దేరాను. జారుముడి సంగతి కూడా.

గుమ్మంలోనే శైలజ ఎదురైంది. చేతిలో గ్లాసు, చెంచా. కళ్ళు వాచి ఉన్నాయి.

"గురువారం నుంచీ ఇట్టాగే ఉన్నారు బావగారూ. డాక్టరుగారికీ అంతు చిక్కట్లేదు. ఈ ఉక్కలో మూడు దుప్పట్లు కప్పినా వణుకుతున్నారు. నీళ్ళు, నీళ్ళు అంటన్నారు. నోట్లో పోస్తే మూతి బిగించేసుకుంటన్నారు. మీరన్నా అడగండి, ఏం కావాలో."

లోపలికి వెళ్ళాను. చలపతి కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడటం లేదు. పైకెక్కడో చూస్తున్నాడు, చాలా ఎత్తుకి. గడ్డం పైకెత్తి, మెడ సాగదీసి, ఊపిరి కోసం నోరు తెరుస్తున్నాడు. శైలజ చెంచాతో నీళ్ళు పెదాల దగ్గర పెట్టింది. అతను తల విదిలించి, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"వద్దమ్మా, నీళ్ళు పొయ్యొద్దు," అన్నాను. ఎందుకని ఆమె అడిగింది. చెప్పాలని వచ్చినదేదీ చెప్పకుండానే బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు బతికాడు. గుండె ఆగిందని రాశారు. పోయే ముందు ఊపిరితిత్తుల్లోంచి నీళ్ళు తీశారనీ, మంచం పట్టిన మనిషికి నీరు చేరడం మామూలేననీ డాక్టరు చెప్పాడట. అదే కారణం అయ్యుండొచ్చు. కాటా మీద ముల్లుని ఏం చేసుకోవాలో, గురువారాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియదు. ఎవరైనా చదువుకున్నవాళ్ళు వివరం చెబితే వింటాను.

పదకొండో రోజు కార్యంలో, అందరూ ఉండగా, శైలజ నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. "బాకీలని చెప్పి లారీల వెంట తిరిగారంట కదా బావగారూ, టీకొట్ల దగ్గర చూసినవాళ్ళు అక్కకి చెప్పారంట. ఈయనకి ఏదో మందు కోసమే అయ్యుంటదని అక్క అంది. కొట్టు కూడా మూసుకుని. సొంత అన్న కూడా చెయ్యడండీ," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. మా మామగారు నా భుజం మీద చెయ్యి వేసి, తన పక్కన కూర్చోమన్నారు. కూర్చున్నాను.