దూడను తన్నిన ఆవు, మొరిగిన నేను

గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక ఇంట్లో డ్రైవరుగా చేస్తున్న రోజులవి. మా యజమానికి ఊరి బయట ఒక తోట, అందులో నాలుగు ఆవులు ఉండేవి. వాటిని చూసుకునేవాడు నిజామాబాద్ వైపు మనిషి. వాడి అనుభవమంతా గొర్రెలతోనే.

ఒక మధ్యాహ్నం యజమాని తల్లి నన్ను పిలిచింది. పొద్దున ఈనిన ఆవు దూడను దగ్గరికి రానీయడం లేదట. నువ్వు హిందువువి కదా, ఆవుల సంగతి నీకు తెలిసే ఉంటుందని వచ్చీరాని హిందీలో అంది. మా ఇంట్లో ఉన్నవి రెండు మేకలని చెప్పడానికి నా అరబ్బీ సరిపోలేదు. ఆమెనూ, ఆమె తీసుకున్న ఖర్జూరపాకం డబ్బానూ కారెక్కించుకుని బయలుదేరాను.

ఆవుకది తొలిచూలు. దూడ పొదుగు దగ్గరికి వస్తే చాలు, కాలు విసురుతోంది.

"పొద్దుగాల సంది తంతనే ఉందన్నా. నన్ను గూడ తన్నింది," అని తోటవాడు తొడ చూపించాడు.

ముసలామె దూడ ఒంటికి పాకం పూయించింది. ఆవు దాన్ని మెడ నుంచి తోక దాకా ప్రేమగా నాకింది. మేం మురిసిపోయాం. పాకం అయిపోగానే మళ్లీ తన్నింది. మూడుసార్లు పూశాం. డబ్బా ఖాళీ అయింది.

కుక్కను చూస్తే ఏ తల్లికైనా బిడ్డ గుర్తొస్తుందని ముసలామె అంది. తోటలో కుక్క లేదు. ఆమె నావైపు చూసింది.

"నువ్వే మొరుగు. యల్లా, కానీ."

ఇద్దరు పిల్లల తండ్రిని, సిగ్గుతో చచ్చిపోతూ మోకాళ్ల మీద వంగి మొరిగాను. ఆవు నెమరు వేస్తూనే ఉంది. అలా కాదని ముసలామె ముఖానికున్న ముసుగు వెనక నుంచే ఒకసారి మొరిగి చూపించింది. నాకంటే ఎంతో బాగా మొరిగింది. ఈసారి నేను గట్టిగా మొరుగుతూ దూడ మీదికి పాకాను.

ఆవు తల దించి నా మీదికి దూకింది. కంచె దాటి నేను బయటపడ్డాను గానీ, ప్యాంటులో సగం కంచెకే ఉండిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆవు దూడకు అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని వాసన చూసి, పాకం లేకుండానే నాకడం మొదలుపెట్టింది. దూడ తడబడుతూ వెళ్లి పొదుగును పొడిచింది. ఆవు ఒక కాలు ఎత్తింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆ కాలు మెల్లగా దించి, పాలు చేపింది. దూడ మూతి నిండా నురగ.

ఆ తర్వాత నేను కంచె దగ్గరికి వెళ్లినా ఆవు బుసకొట్టేది. ముసలామె మాత్రం ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ నన్ను పిలిచి చూపించేది. ఆ వారం నా భార్యకు రాసిన ఉత్తరంలో డ్యూటీ సులువుగానే ఉందని రాశాను. ఏం డ్యూటీయో రాయలేదు.